పరుపు కింద గొడ్డలి

నాకు నోరు పెద్దది, గుండె చిన్నది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. దుబాయ్ వచ్చాక పనిచేసిన ఇళ్లలో మాత్రం నోరొక్కటే తెలిసింది, గుండె సంగతి నేనెవరికీ చెప్పలేదు. అందుకే కాబోలు, కరోనా వచ్చిన సంవత్సరం, ఎండలు ముదిరే ముందు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని నా చేతిలో పెట్టి కొండల్లోకి పంపారు. "నీకు ధైర్యం ఎక్కువ" అన్నాడు ఆవిడ కొడుకు. అవునన్నట్టు తలూపాను. కాదంటే పని ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి.

అలవాటు కొద్దీ దుబాయ్ అనేస్తాను గాని, నేనుండేది ఆ దేశంలోనే ఉత్తరం కొసనున్న రాస్ అల్ ఖైమాలో. పెద్దావిడను మామా అని పిలిచేదాన్ని. ఇక్కడ ఇంటి ఆడమనిషిని పనివాళ్లు అలాగే పిలవాలి. మనకేమో మామ అంటే మీసాలుండాలి, అందుకని మొదటి నెల నాకు నోరు తిరగలేదు. ఆవిడ నన్ను బింతీ అనేది, అంటే అమ్మాయీ అని. పేరు పెట్టి పిలిచేది కాదు. తర్వాత తర్వాత నా పేరే మర్చిపోయింది. పేరే కాదు, పొద్దున తిన్నదీ, భర్త పోయి పదేళ్లయిన సంగతీ కూడా మర్చిపోతూ ఉండేది. మేం మాట్లాడుకున్నదంతా అరబ్బీలో, అదీ నాకొచ్చిన వంటింటి అరబ్బీలో. ఇప్పుడు తెలుగులో రాస్తుంటే ఆవిడ మాటలు కొంచెం పెద్దమనిషి తరహాగా వస్తున్నాయి. నిజానికి ఆవిడ నాకంటే గయ్యాళి.

పట్నంలో వాళ్ల ఇంటినిండా మనవలు, వచ్చేపోయే జనం. జబ్బు అంటుకుంటే ముసలి ప్రాణం తట్టుకోదని, కొండల మధ్య ఉన్న పాత తోట ఇంటికి మమ్మల్ని మార్చారు. రెండు గదులు, బయట వంటిల్లు, ఏడు మేకలు, కొన్ని ఖర్జూరం చెట్లు, ఒక రేకు గేటు. ఫోను పనిచేయాలంటే నీళ్ల ట్యాంకు పక్కనున్న బండ ఎక్కి నిలబడాలి. కొడుకు ఉద్యోగం అబుదాబిలో. దారులు మూసేస్తారని అప్పటికే చెప్పుకుంటున్నారు, ఆ తర్వాత నిజంగానే మూసేశారు.

"అమ్మ నీకు అమానత్" అన్నాడు వెళ్లేముందు. అంటే నమ్మి అప్పగించినది, ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాల్సినది. ఆవిడ జారిపడినా, జ్వరమొచ్చినా, గేటు తీసుకుని ఎటైనా వెళ్లిపోయినా, జవాబు చెప్పాల్సింది నేనే. పనిమనిషి చెప్పే జవాబు ఎవరు వింటారు?

ఇంటి ముందు వాదీ ఉంది, అంటే ఎండిపోయిన వాగు. మామూలు రోజుల్లో శుక్రవారం వస్తే దాన్నిండా కార్లే. జనం మాంసం కాల్చుకు తిని ఎముకలు పారేసి పోయేవాళ్లు. ఆ ఎముకల మీద బతికే కుక్కలు ఒక గుంపు ఉండేవి. కరోనాతో జనం రావడం మానేశారు. కుక్కలకు ఆకలి మానలేదు. మేం వెళ్లిన వారంలోనే ఒక మేకపిల్లను కంచె కింద నుంచి లాక్కుపోయాయి, పట్టపగలు. నేను చీపురు ఎత్తి కేకలేశాను. చీపురు! ఒక్కటీ వెనక్కి తిరగలేదు. పసుపుపచ్చటి పెద్ద కుక్క ఒకటి మాత్రం ఆగి నావంక చూసింది, ఇదేం చేస్తుందో చూద్దామన్నట్టు. నేనేం చేశానంటే, వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. పెద్దావిడ బయట చెట్టు కింద మంచం మీదే ఉందన్న మాట తలుపేసుకున్నాక గుర్తొచ్చింది.

ఆవిడకేం కాలేదు. కాని ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ సాయంత్రం బండెక్కి ఆవిడ కొడుక్కి ఫోన్ చేశాను. "బాబా, నాకు చేతిలో ఏదన్నా ఉండాలి. కర్రో, గొడ్డలో. లేకపోతే అమ్మను నేను చూడలేను" అన్నాను. ఇక్కడ యజమానిని బాబా అంటారు. ఆయనకు టెంట్లూ ఎడారుల్లో తిరగడాలూ పిచ్చి. నా గొంతులో వణుకు ఆయనకు వినపడిందో లేదో గాని, గొడ్డలి అన్న మాట మాత్రం బాగా వినపడింది. నిమిషాల మీద ఫోనుకు బొమ్మలు వచ్చిపడ్డాయి. రబ్బరు పిడివి, తోలు తొడుగువి, వెనకవైపు సుత్తి ఉన్నవి, మేకులాంటి ముక్కున్నవి. వాటిలో సన్నటి నల్లదాన్ని చూపించి టోమహాక్ అన్నాడు. కట్టె కొట్టడానికీ ఆత్మరక్షణకూ అదే మంచిదట. ఏది కావాలో ఎంచుకోమన్నాడు.

నాకు గొడ్డలి కొత్తకాదు. మా కోనసీమలో కొబ్బరి దుంగలు చీల్చిన చేతులివి. కాని కట్టెకోసం గొడ్డలి చూసుకోవడం వేరు. దీన్నెత్తితే ఎవరికి తగులుతుంది, తగిలితే ఏమవుతుంది అని లెక్కేసుకుంటూ చూడటం వేరు. కుక్కకు తగిలితే సరే. మనిషికి తగిలితే? పరాయిదేశంలో పనిమనిషి చేతిలో గొడ్డలి, దానికి రక్తం! పోలీసులు వచ్చి ముందు నన్ను పట్టుకుని, తర్వాత ఏమైందని అడుగుతారు. ఆ బొమ్మలు చూస్తూ చూస్తూనే ముచ్చెమటలు పోశాయి. ఏదీ ఎంచుకోలేకపోయాను. ఆయన విసుక్కుని రెండు కొని పంపించాడు.

తెచ్చింది నీళ్ల ట్యాంకరు నడిపే అబ్బాయి. జగిత్యాల వైపు వాడు, వారానికోసారి వచ్చి ట్యాంకు నింపేవాడు. మేం ఇద్దరం మాస్కులు కట్టుకుని, నాలుగు గజాల దూరంలో నిలబడి మాట్లాడుకునేవాళ్లం. కొన్ని వారాలు నాకు తెలుగు వినిపించిన మనిషి వాడొక్కడే.

"ఏంది అక్కా, గిన్ని గొడ్డళ్లు? కొండ మొత్తం కొట్టేస్తవా ఏంది?" అన్నాడు.

"కుక్కలయ్యా బాబూ. ఇక్కడ నా ప్రాణం పోతుంటే నీకు నవ్వులాటగా ఉందేటి?"

"నవ్వుత లేనక్కా. రాళ్ల క్రషర్ కాడ మావోన్ని గూడ కరిసినయ్. పదిహేను దినాలు నడ్వలే."

వాళ్లది వడ్రంగుల ఇల్లట. పిడి చేతిలోకి తీసుకోగానే వాడి తీరే మారిపోయింది. టోమహాక్‌ను వేలిమీద పెట్టి తూకం చూశాడు, ఒకసారి భుజం మీదికెత్తి దించేశాడు. "గిది సోకుకు అక్కా. ఈ వెనకున్న ముక్కు చూసినవా? పైకెత్తితే ముంగటిది కుక్కకు, ఎన్కది నీ నొసటికి. పిడి గూడ గింతే. దీనితోని కొట్టాలంటె కుక్క అచ్చి నీ ఒళ్లె కూసోవాలె."

రెండోది హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు చేతిగొడ్డలి, కట్టెపిడిది. దాన్ని ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "కట్టెలకు మంచిగనే ఉంటది. గని తలకాయ వదులయ్యింది. ఈడి పొడిగాలికి పిడి ఎండి సన్నగైతది, కొట్టంగనే ఊడి ఎగుర్తది. నీళ్లల్ల నానబెట్టు." నాకిది తెలియదు. మా వైపు తేమకు కట్టె ఉబ్బి, ఒకసారి దిగ్గొట్టిన గొడ్డలి ఏళ్లపాటు కదలదు. వాడు చెప్పకపోతే మొదటి దెబ్బకే ఆ ఇనుము వెళ్లి పెద్దావిడ మంచం మీద పడేదేమో. అలాంటివన్నీ ఊహించుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

అప్పుడు వాడి కళ్లు వరండా గోడమీద పడ్డాయి. "గా గోడకున్నదేంది?"

అది పెద్దావిడ భర్తది. ఆ కొండల మగవాళ్లు చేతికర్రలా పట్టుకు తిరిగే చిన్న గొడ్డలి, జెర్జ్ అంటారు. తల అరచేతిలో పడుతుంది, కర్ర నడుము దాకా ఉంటుంది. రాళ్లమీద నడుస్తుంటే ఊతం, ఏదన్నా ఎదురైతే ఆయుధం. "గిదే నీకు సరిపోయేది. కుక్క నీ దాకా రాకముందే దానికి తాకుతది" అన్నాడు వాడు. సరిపోతుంది సరే, పోయినవాళ్ల వస్తువు పనిమనిషి గోడమీంచి తీస్తే ఊరుకుంటారా? పైగా ఆవిడ లెక్కలో ఆయన పోనేలేదు, మార్కెట్‌కి వెళ్లాడు.

భయపడుతూనే అడిగాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నిటారుగా నిలబడు" అంది. జెర్జ్ తెప్పించి నా పక్కన నిలబెట్టి, తల నా అరచేతి కిందికి వస్తుందో లేదో చూసింది. "గొడ్డలి ఎత్తకు. తల నీ చేతిలో ఉంచుకో, కర్ర కొస దానికి చూపించు. అదీ పోకపోతే అప్పుడు తిప్పు" అంది. ఒక్కసారి తిప్పి చూపించింది కూడా. నా పేరు గుర్తులేని మనిషి చేతికి అది మాత్రం ఎంత గుర్తుందో! "ఆయన వచ్చి అడిగితే నేనిచ్చానని చెబుతాలే" అంది.

అలా జెర్జ్ మేకల దగ్గరికి, చేతిగొడ్డలి కట్టెలకు అని తేలింది. టోమహాక్ మాత్రం నేను ఎవరికీ చెప్పకుండా నడుముకు కట్టుకున్నాను. అది మనుషులకోసం. అన్ని పనులూ ఆగిపోయి ఎవరెవరో కొండల్లో తిరుగుతున్నారని విన్నాను. ఎవరు చెప్పారో గుర్తులేదు. భయం వేసినప్పుడు ఎవరు చెబితేనేం?

ఒక ఉదయం పదిగంటల వేళ గేటు దడదడలాడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రేకు సందులోంచి చూస్తే ఒక మనిషి, కాళ్లకు సైటు బూట్లు, తలకు తువ్వాలు. "పానీ, బహెన్, పానీ" అంటున్నాడు. నీళ్ల సీసా ఎడమచేతితో ఇచ్చాను, కుడిచెయ్యి వెనక పెట్టుకున్నాను. వాడు సీసా అందుకుంటూ పక్కకు వంగి చూశాడు. చూసినవాడు రెండు చేతులూ పైకెత్తి, అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి వెళ్లి, తర్వాత పరిగెత్తాడు. సీసా కిందపడి నీళ్లు పోతున్నా చూసుకోలేదు. దాహంతో వచ్చిన మనిషి! "భయ్యా, రుకో" అని అరిచాను, టోమహాక్ చేతిలోనే ఉంది. అది చూసి ఎవడాగుతాడు? ఆ రోజు నామీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నం సయించలేదు.

దాన్ని మళ్లీ నడుముకు కట్టుకోబుద్ధి కాలేదు. పారేయడానికి నాది కాదు. దాచడానికి చోటు వెతుకుతుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన మనవాళ్లకు తప్ప ఎవరికీ రాదు.

పెద్దావిడ మధ్యాహ్నం పడుకుని ఉలిక్కిపడి లేచేది. "ఎవరో వచ్చారు, ఎవరో గదిలో ఉన్నారు" అని కేకలు. ఒళ్లంతా చెమట. రోజురోజుకీ ఎక్కువైంది. మా వైపు ఇలా ఉలిక్కిపడేవాళ్ల తలగడ కింద ఇనుము పెడతారు. చిన్న కత్తో, కొడవలి ముక్కో ఏదో ఒకటి. మేం చర్చికి వెళ్లేవాళ్లమే, అయినా మా అమ్మమ్మ తలగడ పక్కన బైబిలు, తలగడ కింద కత్తి. పురిటింట్లో ఇనుము లేకపోతే ఆవిడ ఊరుకునేది కాదు. నేనూ అంతే ఆలోచించాను. టోమహాక్‌కు తొడుగు ఉంది, బిగించి ఉంది. ఇనుమూ అవుతుంది, అవసరమైతే చేతికి అందుబాటులోనూ ఉంటుంది. ఆవిడ పరుపు కింద, గోడవైపు తోశాను. నమ్మండి, నమ్మకపోండి, ఆవిడ ఆ రోజు కేకలు పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అమ్మమ్మ గొప్పదనం ట్యాంకరు అబ్బాయికి కూడా చెప్పాను. "పైలం అక్కా, జర జాగర్త" అన్నాడు వాడు, అంతే.

ఆ తర్వాతి వారం వాడు మధ్యాహ్నం వచ్చాడు. ఆవిడ నిద్రపోతోంది. నేను మాస్కు కట్టుకుని, ఎండకు తలమీంచి నల్లగుడ్డ కప్పుకుని గేటు తీశాను. నీళ్లు నింపి వాడు వెళ్లాడో లేదో మేకలు ఒక్కపెట్టున అరిచాయి. కుక్కలు గేటు మూసేలోపే దూరాయి. జెర్జ్ అందుకుని పరిగెత్తాను. ఈసారి తలుపేసుకోలేదు, ఆ ఒక్కటీ నాకు నేను చెప్పుకోవాలి. పచ్చకుక్కకు కర్ర కొస చూపించాను. అది పళ్లు చూపించింది. తిప్పాను. తగల్లేదు గాని గాలిని కోసిన చప్పుడైంది, అది తోక ముడిచి కంచె దూకింది. మిగతావి దాని వెనకే పోయాయి. నా కాళ్లు వణుకుతున్నాయి. ఈ గోలకు ఆవిడ లేచి ఉంటుంది, లేచి బయటికి వస్తుంది అనుకుని, ఉన్నదాన్ని ఉన్నట్టే గదిలోకి పరిగెత్తాను.

బయట వెలుగు, లోపల చీకటి. ఒక క్షణం ఏమీ కనపడలేదు. తర్వాత కనపడింది. పరుపు ఒకవైపు లేచి ఉంది. తొడుగు నేలమీద పడి ఉంది. ఆవిడ గోడకు వీపు ఆనించి నిలబడి, టోమహాక్ రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

"అక్కడే ఆగు" అంది.

"మామా, నేనే" అన్నాను. మాస్కులోంచి ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

"నా పిల్ల ఏది? ఏం చేశావు దాన్ని?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ కూతుళ్లు పట్నంలో ఉన్నారు.

"మేకల దగ్గరికి వెళ్లిన పిల్ల. ఈ ఇంట్లో నాతో ఉండే పిల్ల. దానికిక్కడ ఎవరూ లేరు, నేను తప్ప. దాని జోలికి వెళ్లావో, నరికేస్తాను."

ఆవిడ చేతులు వణుకుతున్నాయి. వెనకనున్న ఇనుప ముక్కు ఆవిడ నుదుటికి అంగుళం దూరంలో ఆడుతోంది. నేను ఒక్క అడుగు ముందుకేస్తే ఆవిడ దాన్నింకా వెనక్కి లాగుతుంది. లాగితే అయిపోయింది. చీపురుతోనో, చేతులతోనో, కుక్కలనుంచి ఎవరిని కాపాడుకోవాలనుకున్నానో ఆ మనిషిని, నేను పెట్టిన ఇనుముతో నేనే చంపబోతున్నాను. మాస్కు తీద్దామన్నా చెయ్యి ఎత్తడానికి భయం. నా రెండో చేతిలో జెర్జ్ ఉందని అప్పుడు తెలిసింది. గుడ్డ కప్పుకుని, ముఖం కట్టుకుని, గొడ్డలి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఆవిడ ఏమనుకోవాలి?

వెనక్కి నడిచాను. ఆ దాహంవాడు నా ముందునుంచి ఎలా నడిచాడో అలాగే, రెండు చేతులూ కనపడేలా, అడుగులో అడుగేసుకుంటూ. గుమ్మం దాటి, జెర్జ్ గోడవారన పడేశాను. మాస్కు లాగేశాను, నల్లగుడ్డ తీసేశాను. కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. రోజూ మేకలు తోలుకొచ్చి అరిచినట్టే దూరం నుంచి అరిచాను. "మామా! మేకలు వచ్చేశాయి, చాయ్ పెట్టనా?" నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది. ప్రభువా, ఒక్కసారి గుర్తుపట్టేలా చెయ్యి అనుకుంటూ, ఖాళీ చేతులతో గుమ్మంలోకి వచ్చాను.

"బింతీ!" అంది ఆవిడ. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని గట్టిగా లాగి, నన్ను తన వెనక్కి తోసుకుంది. నా భుజం దాకా కూడా రాదు ఆవిడ. "చప్పుడు చెయ్యకు. బయట ఒక ఆడది గొడ్డలితో తిరుగుతోంది."

ఆవిడ చేతిమీద చెయ్యేసి గొడ్డలిని మెల్లగా కిందికి దించాను. వదల్లేదు గాని దించనిచ్చింది. నాకివ్వు మామా అంటే "లా, ఇవ్వను, నువ్వు చిన్నపిల్లవి" అంది.

"ఎలా ఉంది మామా, ఆ మనిషి?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"నీ అంతే ఉంటుంది. ఒళ్లంతా వణికిపోతోంది. అది చూసే నాకు భయమేసింది" అంది. కాసేపటికి నా చెయ్యి నొక్కి, "నువ్వు భయపడకు. నేనున్నానుగా. యల్లా, వెళ్లి గడియ వెయ్యి" అంది.

వెళ్లి తలుపు మూసి గడియ వేశాను. తిరిగి వచ్చి ఆవిడ వెనకే నిలబడ్డాను.